ముసలమ్మ వెనుక నీలం చిత్రం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ చెక్క శిల్పాలూ నీ స్నేహితురాలి నైరూప్య చిత్రాలూ కలిపి మాదాపూర్ చిత్రమయి గ్యాలరీలో పెడుతున్నారట. మీ అమ్మ ఫోనులో చెబితే తెలిసింది. నాతో నువ్వే చెప్పకూడదా? సరే, కోపం ఇంతటితో చాలు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్తే బొమ్మలు వదిలేసి చట్రాల చెక్క తడిమిన పిల్లవి నువ్వు. ఈ రోజు వస్తుందని అప్పుడే అనుకున్నాను.

పీఠాలు ఊగకుండా చూసుకో. ధరల పట్టిక ముందే రాసుకో. మోసేవాళ్లకు కడుపునిండా భోజనం పెట్టు.

ఇక దుంగ సంగతి. నా మొదటి ఉమ్మడి ప్రదర్శనకు, వానాకాలంలో కొట్టిన వేపదుంగను నాలుగు నెలలకే చెక్కేశాను. కూర్చున్న ముసలమ్మ, మూడడుగుల ఎత్తు. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా గురువుగారు చెబుతూనే ఉండేవారు. కోసిన మొనలకు మైనం కూడా పూయలేదు. చెక్క ఆరేటప్పుడు దుంగలోని గుండ్రటి వలయాల వెంబడి ముడుచుకున్నంతగా నడిబొడ్డు వైపు ముడుచుకోదు. ఆ తేడాకే పగులుతుంది. తెలిసీ తొందరపడ్డాను. హైదరాబాదు ఏసీ గదిలో రెండో రాత్రికల్లా భుజం నుంచి మోకాలి దాకా వేలు దూరేంత చీలింది. తెల్లవారి ఎవరూ రాకముందే రంపపుపొట్టు జిగురులో కలిపి కూరాను. పుండు మీద పిండి అద్దినట్టుంది. దానికంటే సిగ్గుచేటు పని ఆ తర్వాత చేశాను. చీలిక కనపడకుండా బొమ్మను తిప్పి గోడ దాకా జరిపాను. ఆ గోడకే నా స్నేహితుడి నీలం చిత్రం ఉంది, అతడు వేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది. మిగిలిన మూడు రోజులూ జనం దాన్ని ముసలమ్మ తల మీదుగా తొంగి చూశారు. అతడు ఏమీ అనలేదు. చివరి రోజు చిత్రం దింపి గోనెపట్టా చుట్టుకుంటూ, “చీలిక బాగుందిరా, ఎందుకు పూడ్చావు?” అన్నాడు. మళ్లీ మేమిద్దరం కలిసి ప్రదర్శన పెట్టలేదు.

పచ్చి దుంగతో చేసినది ఏదైనా ఉంటే ఇప్పుడే పక్కన పెట్టు, నా మాట విను తల్లీ. ముందు నీ స్నేహితురాలి చిత్రాలు గోడకెక్కనీ. నీ పీఠాలు ఎక్కడ పెట్టాలో ఆమెనే అడుగు.

ప్రారంభానికి వస్తున్నాను. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కుర్చీ వేయించు. ఆమె చిత్రాలకు ఎదురుగా వేయించు.

మీ పెదనాన్న