మధ్యయుగ ఇంగ్లండులో పెళ్లికి అమ్మాయి ఇష్టంతో పని ఉండేదా?

ఉండేది. చర్చి చట్టం దృష్టిలో అసలు ముఖ్యమైంది అదే. నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పేదాన్ని. గైడ్లు చదివి వచ్చి, "అప్పట్లో తండ్రి ఎవరికిస్తే వాళ్లనే చేసుకోవాలి కదా మేడం" అనేవాళ్లు. వాళ్లకు పదిహేనో శతాబ్దపు అమ్మాయి మార్జరీ పాస్టన్ సంగతి చెప్పేదాన్ని.

ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో బాగా భూములున్న కుటుంబం వాళ్లది. ఆ భూముల శిస్తులు వసూలు చేసే రిచర్డ్ కాల్‌ను మార్జరీ ఇష్టపడింది. నువ్వే నా భర్తవి, నువ్వే నా భార్యవి అని ఇద్దరూ రహస్యంగా మాట ఇచ్చుకున్నారు. చర్చి ఫాదర్, సాక్షులు లేకపోయినా ఆ మాటలతోనే పెళ్లి అయిపోయినట్టు. పెళ్లి సంగతి చర్చిలో ముందుగా చాటాలని 1215లో లాటరన్ సభ (రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల సభ) నియమం పెట్టింది కానీ, రహస్యంగా చేసుకున్నది చెల్లదని అనలేదు. ఇంగ్లండులో ఇది మారడానికి 1753 చట్టం రావాల్సి వచ్చింది.

ఇంట్లో వాళ్లు ఇద్దరినీ కలవనివ్వలేదు. తన చెల్లెలు ఫ్రామ్లింగ్‌హామ్ ఊళ్లో కొవ్వొత్తులు, ఆవాలు అమ్ముకోవాలా అని ఒక అన్న మండిపడ్డాడు. చివరికి 1469 సెప్టెంబరులో నారిచ్ బిషప్ ఆమెను పిలిపించి, పరువు, బంధువులు, భవిష్యత్తు అన్నీ గుర్తుచేసి, అసలు ఏ మాటలు అనుకున్నారో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఆ మాటలు చాలకపోతే ఇక్కడి నుంచి వెళ్లేలోపు ఇంకా గట్టిగా చెప్తానంది! తర్వాత రిచర్డ్‌ను విడిగా అడిగారు. బిషప్ తీర్పు వాయిదా వేశాడు కానీ, ఆ పెళ్లిని కాదనలేకపోయారు.

తల్లి మార్గరెట్ మాత్రం కూతుర్ని గడప తొక్కనివ్వద్దని పనివాళ్లకు చెప్పింది. ఆ రాత్రి ఆమెకు వేరే ఇంట్లో చోటు చూపించాల్సి వచ్చింది. బిషప్ విచారణ, ఆ రాత్రి సంగతి మార్గరెట్ తన కొడుక్కి పంపిన ఉత్తరంలోనే ఉన్నాయి. రిచర్డ్‌ను మాత్రం వదులుకోలేకపోయారు. లెక్కలు తెలిసినవాడు మరి, వాళ్ల దగ్గరే పని చేశాడు. 1482 వీలునామాలో మార్గరెట్ మార్జరీ పెద్దకొడుక్కి 20 పౌండ్లు రాసింది.

మన సిలబస్‌లో ఇవేవీ ఉండవు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన కథల్లో 'బాత్ ఊరి భార్య' అనే పాత్ర ఐదుగురిని చర్చి గుమ్మం దగ్గర పెళ్లాడిందని బట్టీ పట్టిస్తారు. గుమ్మం దగ్గరే ఎందుకో చెప్పరు. భర్త పోతే భార్యకు దక్కే భూమి ఎంతో అక్కడే నలుగురిలో చెప్పేవాళ్లు. పిల్లలకు తెలియాల్సింది అది. ఆ పాస్టన్ కుటుంబం రాసుకున్న ఉత్తరాల్లో ఒక్కటైనా పాఠంగా పెట్టమని నేను అడుగుతూనే ఉన్నాను.