ప్రోస్టేట్ క్యాన్సర్ పీయూష గ్రంథి దాకా పాకుతుందా?

మీ మామగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందనీ, ఎంఆర్ఐలో పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి దగ్గర గడ్డ కనిపించిందనీ రాశారు. అంత దూరం పాకుతుందా అని మీ ప్రశ్న. పాకుతుంది, కానీ చాలా అరుదు. ఆ గ్రంథికి చేరే క్యాన్సర్లలో రొమ్ము, ఊపిరితిత్తులవే ఎక్కువ. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా ఎముకలను పట్టుకుంటుంది. బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి పుర్రె అడుగు ఎముకలోని చిన్న గుంటలోనే ఉంటుంది. మా నాన్నగారికి ఆ ఎముక నుంచే పాకింది.

అప్పటికి రెండేళ్లుగా ఆయనకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. నీరసంగా ఉందంటే ఇంజెక్షన్ వల్లే అనుకున్నాం. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తుంటే ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి మామూలే అనుకున్నాం. ఒక ఉదయం ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని పేపరు చదువుతున్నారు. ఏమైందని అడిగితే, "రెండు కళ్లూ తెరిస్తే అక్షరాలు రెండేసి కనబడుతున్నాయిరా" అన్నారు. రెప్ప కూడా కొంచెం వాలి ఉంది. ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరాం. పీయూష గ్రంథి దగ్గరి గడ్డ కంటిని కదిపే నరాన్ని నొక్కుతోందని అక్కడ తెలిసింది.

రక్తపరీక్షలో కార్టిసాల్ బాగా తక్కువ వచ్చింది. పీయూష గ్రంథి ఆదేశంతో ఒంట్లో తయారయ్యే అత్యవసర హార్మోన్ అది. హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్ట్) ముందు కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. ఈ వరస తారుమారైతే ప్రాణం మీదికి వస్తుందట. ఇది మీరు తప్పక గుర్తుంచుకోండి.

హైడ్రోకార్టిసోన్ మొదలైన రెండో రోజు నుంచి మూత్రం ఆగలేదు. కొలత జగ్గులో పట్టి కాగితం మీద రాస్తే రోజుకు ఆరు లీటర్లు దాటింది, రంగు మంచినీళ్లలా ఉంది. షుగర్ మామూలుగానే ఉంది. మందు వికటించిందని వణికిపోయాం. నిజానికి పీయూష గ్రంథి నుంచి వచ్చే, ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ హార్మోన్ అంతకుముందే తగ్గిపోయింది. కార్టిసాల్ తక్కువగా ఉన్నంత కాలం ఆ లోపం పూర్తిగా పైకి తెలియకపోవచ్చు. ఈ వాసోప్రెసిన్ లోపాన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు, షుగర్ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. ఆ హార్మోన్ పని చేసే డెస్మోప్రెసిన్ మాత్ర వేశాక నాన్నగారు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయారు.

పది రోజుల రేడియేషన్ తర్వాత నెలన్నరకు మళ్లీ రెండు కళ్లతో పేపరు చదివారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు మాతో ఉన్నారు.

గడ్డ కనబడగానే క్యాన్సరే అని నిర్ధారించుకోకండి. ఆ చోట అడినోమా అనే, క్యాన్సర్ కాని గడ్డలే ఎక్కువ. కానీ అడినోమా వల్ల ఇలాంటి అతిమూత్రం రావడం అరుదు. అందుకే దాహం, మూత్రం, చూపు గురించి డాక్టరుకు వివరంగా చెప్పండి. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గమనించే పీఎస్ఏ రక్తపరీక్షతో పాటు ఉదయం కార్టిసాల్, సోడియం, థైరాయిడ్ పరీక్షలు చేశారా అని అడగండి. స్టెరాయిడ్ మొదలుపెడితే మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో, వాంతులై మాత్ర నిలవకపోతే ఏం చేయాలో ముందే రాయించుకోండి. ఇక ఈ రాత్రి నుంచే ఆయన తాగిన నీరు, పోసిన మూత్రం కొలిచి, వేళతో సహా ఒక కాగితం మీద రాయండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి.