బొచ్చు లేదని చాకిరీ తప్పదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒంటి మీద బొచ్చుండని స్ఫింక్స్ జాతి పిల్లుల గురించే ఎక్కువ. వాటిలో ఐదింటికి జవాబులివి.

ప్రశ్న: మా స్ఫింక్స్ పిల్లికి 8 నెలలు. పడుకున్న చోటల్లా దుప్పటి మీద గోధుమరంగు మరకలు, కాస్త వాసన. నువ్వుల నూనె రాసి సున్నిపిండితో నలుగు పెడితే పోతుందని మా అత్తయ్యగారు అంటున్నారు. పెట్టొచ్చా?
– పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: వద్దండి, ఆ మరకలే నూనె. చర్మంలోని గ్రంథులు మామూలు పిల్లికి ఊరించినట్టే దీనికీ జిడ్డు ఊరిస్తాయి. మామూలు పిల్లికైతే ఆ జిడ్డు బొచ్చంతా పరుచుకుంటుంది. మీ పిల్లికి ఆ వసతి లేదు. అందుకే చర్మం మీదే నిలిచి, దుమ్ము కలుపుకుని దుప్పటికి అంటుతోంది. పైనుంచి మళ్లీ నూనె రాస్తే రంధ్రాలు మూసుకుని గడ్డం కింద, తోక మొదట్లో నల్లటి మొటిమలు లేస్తాయి. సున్నిపిండి ముడతల్లో ఇరుక్కుని ఒరుసుకుంటుంది.

వారానికో స్నానం చాలు. నీళ్లు 37–38 డిగ్రీలు, అంటే మోచేతికి గోరువెచ్చగా తగలాలి. పిల్లుల షాంపూని మగ్గులో పలచగా కలిపి మెడ నుంచి తోక వైపు పట్టించండి. చంకలు, గజ్జలు, మెడ కింది ముడతలు మెత్తటి గుడ్డతో రుద్దండి. అసలు తప్పు జరిగేది కడగడంలోనే. ముడతల్లో షాంపూ మిగిలితే రెండో రోజుకి దురద మొదలవుతుంది. చేతికి జారుడు తగలనంత వరకూ నీళ్లు పోయండి. తుండుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా ఫ్యాను, ఏసీ ఆపేయండి.

గోళ్లు చాలామంది మరిచిపోతారు. వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది, దాని మొదట్లో నల్లటి మడ్డి కనిపిస్తుంది. తడిపిన దూదితో తీసేయండి. చెవిలోనూ గుమిలి త్వరగా పేరుకుంటుంది. చెవులు శుభ్రం చేసే ద్రావణం నాలుగు చుక్కలు వేసి, చెవి మొదలు పిసికి, పిల్లిని తల విదిలించుకోనిచ్చి, పైకి కనిపించేదే తుడవండి. ఇయర్ బడ్ లోపలికి పెడితే గుమిలిని ఇంకా లోతుకి నెట్టడమే.

స్నానం చేయించిన రెండు రోజులకే జిగురు, ఎరుపు, పుల్లటి వాసన తిరిగొస్తే అది మలాసీజియా అనే ఈస్టు కావచ్చు. డాక్టరు ఆ చోట టేపు అంటించి తీసి మైక్రోస్కోపులో చూస్తారు. అదేనని తేలితే ఇచ్చే మందు షాంపూ ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. రోజూ స్నానం చేయిస్తే తగ్గదు, చర్మం పగులుతుంది.

ప్రశ్న: మా బాబుకి పిల్లి పడదు, తుమ్ములు. బొచ్చు లేని పిల్లైతే ఇబ్బంది ఉండదంటున్నారు, నిజమేనా?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: నిజం కాదు. ఎలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మపు జిడ్డులో ఉండే ఫెల్ డి 1 అనే ప్రొటీను. ఆ రెండూ దీనికీ ఉన్నాయి. కొనకముందే బాబుని ఆ పిల్లున్న ఇంట్లో రెండు మూడుసార్లు గంటసేపు ఉంచి చూడండి. ఉబ్బసం ఉంటే మాత్రం ఈ ప్రయోగం చేయకండి, ముందు బాబుని చూసే డాక్టర్ని అడగండి.

ప్రశ్న: ఒంటి మీద బొచ్చు లేదు కాబట్టి మన ఎండలు దీనికి హాయేనా?
– పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: బెజవాడ మే నెల ఏ పిల్లికీ హాయి కాదు. బొచ్చు చలినే కాదు, ఎండనీ ఆపుతుంది. అది లేకపోతే, ముఖ్యంగా గులాబీ రంగు చర్మమైతే, కిటికీ దగ్గరి ఎండకే కమిలిపోతుంది. ఏళ్ల తరబడి కమిలితే చర్మ క్యాన్సరు భయమూ ఉంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా కిటికీకి తెర వేయండి. మనుషుల సన్‌స్క్రీన్ రాయకండి, నాకేస్తుంది. ఏసీ 26–28 మధ్య ఉంచండి, గాలి సూటిగా తగలకూడదు.

పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే మామూలే అనుకోవద్దు. మామూలు చల్లని నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను కింద ఉంచి, ఆసుపత్రికి బయల్దేరండి. ఐసు పెట్టొద్దు. ఇలా రొప్పడం గుండె జబ్బుకీ లక్షణమే.

ప్రశ్న: బీమా చేయిద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ప్రీమియం తర్వాత చూడొచ్చు. ముందు మినహాయింపుల పేజీ తీయండి. ఈ జాతిలో ఎక్కువ ఖర్చు పెట్టించేది గుండె కండరం మందమయ్యే హెచ్‌సీఎం. అది చాలావరకు వంశపారంపర్యం. ‘పుట్టుకతో వచ్చినవి, వంశపారంపర్యమైనవి వర్తించవు’ అని పాలసీలో రాసి ఉంటే మీకు అక్కర్లో పనికొచ్చేది చాలా తక్కువ. హెచ్‌సీఎం పేరు రాసి, ఇది వర్తిస్తుందా అని కంపెనీకి మెయిల్ పెట్టండి. జవాబూ మెయిల్లోనే తీసుకోండి, ఏజెంటు నోటిమాట క్లెయిము రోజున నిలబడదు.

పాలసీ చికిత్స ఖర్చులకా, చనిపోతే పిల్లి విలువ ఇవ్వడానికా? జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిము చేయడానికి ఆగాల్సిన గడువు) ఎన్ని రోజులు? ఏ వయసు దాకా రెన్యువల్ చేస్తారు? ఇవీ అడగండి. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషను సాధారణంగా లెక్కలోకి రావు. ప్రపోజల్ ఫారంలో జాతి స్ఫింక్స్ అనే రాయండి. గుండెలో మర్మర్ (మామూలుగా ఉండని చప్పుడు) వినబడుతోందని డాక్టరు ఇప్పటికే రాసి ఉంటే దాచొద్దు, అదే సాకుగా క్లెయిము తిరగ్గొడతారు. 15 అంకెల మైక్రోచిప్ వేయించి, ప్రతి బిల్లు మీదా ఆ నంబరు రాయించుకోండి.

క్లెయిము తేలకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి రాయొచ్చు. మన రాష్ట్రం ఆ కార్యాలయం కిందికే వస్తుంది. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

బీమా ఉన్నా ఏడాదికోసారి గుండె స్కానింగు (ఎకో) సొంత ఖర్చనే అనుకోండి. స్టెతస్కోపుకి ఏమీ వినబడకపోయినా హెచ్‌సీఎం ఉండొచ్చు. గన్నవరం పశువైద్య కళాశాలకి ఫోన్ చేసి, పిల్లులకి ఎకో తీస్తారేమో కనుక్కుని బయల్దేరండి. ఆపరేషనుకి మత్తు ఇచ్చే ముందైతే ఇది తప్పనిసరి. ఇంట్లో చేయగలిగేది ఒకటుంది: గాఢ నిద్రలో పక్కటెముకలు లేచి దిగితే ఒక శ్వాస, నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రోజూ దాటుతుంటే ఆలస్యం చేయొద్దు. వెనక కాళ్లు హఠాత్తుగా పడిపోయి చల్లబడితే అర్ధరాత్రైనా పరుగెత్తాల్సిందే, రక్తపు గడ్డ అడ్డుపడి ఉంటుంది.

ప్రశ్న: తల్లి స్ఫింక్స్, తండ్రి నాటు పిల్లి అంటూ ఒకరు చవగ్గా బోడి పిల్లని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అనుమానించాల్సిందే. 1966లో కెనడాలోని టొరంటోలో పుట్టిన బోడి పిల్లితో వెలుగులోకొచ్చిన జాతి ఇది. బొచ్చు రాకుండా చేసే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. నాటు తండ్రికి పుట్టిన పిల్లలకి మామూలుగా బొచ్చే ఉంటుంది. గొరిగేసి, క్రీము రాసి అమ్మే మోసాలు బయటి దేశాల్లోనూ జరిగాయి. అసలైన దాని ఒళ్లు సన్నని నూగుతో స్వెడ్ తోలులా మెత్తగా ఉంటుంది, గొరిగినదైతే వేలికి గరుగ్గా గుచ్చుకుంటుంది. వారం ఆగి మళ్లీ చూపించమనండి. అందాకా అడ్వాన్సు ఇవ్వకండి.