ఇల్లు సద్దుమణిగింది, మనసే సద్దుమణగలేదు

ప్రశ్న: అక్కా, వందనాలు. తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. ఆ పరుగు, ఆ పోటీ, ఎవరి ముందు ఎలా కనబడాలో అన్న టెన్షన్, ఇవేవీ వద్దనుకుని ఎనిమిది నెలల క్రితం మానేశాను. ఆయన కూడా సరేనన్నారు. టీవీ తీసేశాం, కొనడం తగ్గించాం, ఇంటిపనంతా నేనే చేసుకుంటున్నాను, సాయంత్రం పిల్లలతో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాం. నేను కోరుకున్న జీవితం ఇదే. కానీ శాంతి మాత్రం రాలేదు. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే నాకు లోపల ఏదో అరుస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు ఫోన్ తీసి సాదాసీదా జీవితం గురించి వీడియోలు చూస్తాను. తెల్లటి కర్టెన్లు, చెక్క బల్ల, దాని మీద తెరిచిన బైబిలు, పక్కన పూలు, ఎప్పుడూ నవ్వుతూ బట్టలు మడతపెట్టే అమ్మాయి. నా ఇల్లు ఎప్పటికీ అలా ఉండదు. నా విశ్వాసంలోనే లోపం ఉందంటారా?

జవాబు: చెల్లెమ్మా, లోపం విశ్వాసంలో లేదు, ఆ వీడియోలో ఉంది. నువ్వు ఏ పోటీ వద్దనుకుని ఉద్యోగం మానేశావో అదే పోటీ పూలు పెట్టుకుని మీ ఇంట్లోకి వచ్చింది. ఇదివరకు బట్టలు, హోదా చూసి పోల్చుకునేదానివి, ఇప్పుడు కర్టెన్లు, ప్రశాంతత చూసి పోల్చుకుంటున్నావు. ఆ అమ్మాయి బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కెమెరా పెట్టుకుని ఉంది కదా, దాన్ని ఎక్కడ పెట్టాలో, వెలుతురు ఎటునుంచి పడాలో చూసుకుంది కదా, మరి అది నిశ్శబ్దంగా గడిపిన మధ్యాహ్నం ఎలా అవుతుంది? ఆమెను తప్పుపట్టడం లేదు, అది ఆమె పని. కానీ పక్కవాళ్ల పని చూసి నీ ఇంటిని కొలవకు.

ఇక లోపల అరుస్తున్న దాని సంగతి. 131వ కీర్తన తీసి చదువు, మొత్తం మూడే వచనాలు. పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణాన్ని నిమ్మళపరచుకున్నాను అంటాడు అందులో. నువ్వూ తల్లివే, నీకు చెప్పక్కర్లేదు, పాలు మాన్పించిన రోజులు ఎలా ఉంటాయి? బిడ్డ అంత తేలిగ్గా ఊరుకుంటుందా? రాత్రుళ్లు ఏడుస్తుంది, గుండె మీద కొడుతుంది, తల్లి ఒడిలోనే ఉండి తల్లి మీదే కోపగించుకుంటుంది. ఆ రోజులన్నీ దాటాక ఒకనాడు ఏమీ అడక్కుండా, పాల కోసం వెతుక్కోకుండా, ఊరికే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. కీర్తనకారుడు చెప్పే నిమ్మళం ఆ బిడ్డది. పాలు తాగి నిద్రపోయిన చంటిబిడ్డతో పోల్చలేదు, గమనించావా? ఏడుపు దాటి వచ్చిన బిడ్డతో పోల్చాడు. తొమ్మిదేళ్లు నీకు రోజూ ఎవరో ఒకరు శభాష్ అన్నారు, లేదా తిట్టారు, ఏదో ఒక శబ్దం అందింది. ఇప్పుడు అది మానేశావు. మధ్యాహ్నం లోపల అరిచేది ఆ పసిబిడ్డే. ఫోన్ తీసిన ప్రతిసారీ దానికి మళ్లీ పాలు పట్టేస్తున్నావు, ఇక ఎప్పటికి మానుతుంది చెప్పు!

పౌలు కూడా ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం 'నేర్చుకున్నాను' అనే రాశాడు, ఫిలిప్పీయులకు, అదీ సంకెళ్లలో ఉండి. ఆయనంతటివాడు నేర్చుకోవలసి వస్తే నీకు ఎనిమిది నెలల్లో వచ్చేయాలా?

చేయవలసింది కొంచెమే. ఆ మధ్యాహ్నం గంట ఫోన్ వేరే గదిలో, బీరువాలో పెట్టు (నేనైతే బీరువా తాళం కూడా మా ఆయనకి ఇచ్చేదాన్ని, మొదటి వారం రెండుసార్లు అడిగి తీసుకున్నాను కూడా, అది వేరే కథ). ఆ గంటలో భక్తిగా ఏదో చేసేయాలని పెట్టుకోకు. ఒక కీర్తన చదువు, పైకి చదువు, చాలు. రోజుకొకటి చదివితే 150 కీర్తనలు అయిదు నెలలు వస్తాయి. ఏడుపొస్తే ఏడువు, నిద్రొస్తే పడుకో. ఏలీయా ప్రవక్త అలసిపోయి చచ్చిపోతానంటే దేవుడు ముందు పడుకోనిచ్చి, భోజనం పెట్టి, ఆ తర్వాత కదా మెల్లని స్వరంతో మాట్లాడాడు!

ఇంటిపని విసుగ్గా అనిపిస్తే కూడా దిగులుపడకు. 17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్లు అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో సహోదరుడు లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు, యుద్ధంలో గాయపడి కుంటుతూ వచ్చినవాడు, ఆయనకి వంటపని అంటే స్వతహాగా అసలు గిట్టదు. మఠంవాళ్లు ఆయన్ని వంటింట్లోనే పెట్టారు, ఏళ్ల తరబడి! ఆ గిన్నెల చప్పుడు మధ్యే దేవునితో మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు, ప్రార్థనా సమయంలో ఎలా ఉన్నానో పని సమయంలోనూ అలాగే ఉన్నాను అనేంతవరకు వచ్చాడు. పని నచ్చాక శాంతి వచ్చిందని మాత్రం అనుకోకు, గిట్టని పనిలోనే వచ్చింది.

ప్రశ్న: సోదరీ, నేనొక భర్తను. నా భార్యకు ఇంటిపని మీద శ్రద్ధ కలగాలని సామెతలు 31వ అధ్యాయం తరచుగా చదివి వినిపిస్తున్నాను. విన్నప్పుడల్లా ముఖం మాడ్చుకుంటోంది. ఎలా చెప్పాలి?

జవాబు: చెప్పడం ఆపండి, అదే మొదటిది.

రెండోది, మీరు వినిపించే అధ్యాయం మీరు పూర్తిగా చదివారా అని నాకు అనుమానం. అందులో ఆ గుణవతి గురించిన వచనాలు 22, హీబ్రూ అక్షరాలూ 22. ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరుసగా మొదలవుతుంది. అంటే అది అక్షరమాల పద్యం, ఒక నిండు జీవితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పొగిడిన పాట. మీరు దాన్ని సోమవారం పనుల చిట్టాగా చదువుతున్నారు. 15వ వచనం చూడండి, ఆమెకు పనికత్తెలున్నారు, మీ ఇంట్లో ఎంతమంది? 16లో ఆమె పొలం చూసి తనే కొంటుంది, 24లో నార బట్టలు నేయించి అమ్ముతుంది. 28లో భర్త పని ఒక్కటే చెప్పారు, ఆమెను పొగడడం. మీ వంతు వచ్చిన వచనం అదొక్కటే సార్, మిగతావి ఆమె చూసుకుంటుంది.

ఇంకోటి కూడా. యోహాను సువార్త 21లో, తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు చేసి, చేపా రొట్టే పెట్టి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యుల్ని రండి తినండి అని పిలిచాడు. మరణాన్ని జయించినవాడు ఆ ఉదయం పొయ్యి దగ్గర ఉన్నాడు. రేపు పొద్దున మీరు ఒకసారి ఉండి చూడండి.

ప్రశ్న: ఇంటి నుంచే చిన్న కుట్టుపని చేసి సంపాదిస్తున్నాను. ఇంటిని కట్టుకునే స్త్రీ డబ్బు గురించి ఆలోచించకూడదని మా బంధువు ఒకామె అంటోంది. ఇది తప్పా?

జవాబు: కాదు. బైబిల్లో లూదియ ఊదారంగు బట్ట అమ్మేది, ప్రిస్కిల్ల భర్తతో కలిసి డేరాలు కుట్టేది, వాళ్ల ఇంట్లోనే సంఘం కూడుకునేది. దొర్కా చనిపోతే విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పట్టుకొచ్చి చూపించి ఏడ్చారు. మిషన్ ఆపకండి.

ప్రశ్న: అమ్మా, ఇంట్లో సమాధానం ఉండాలంటే స్త్రీ సాధువుగా ఉండాలని అందరూ అంటారు. మా ఆయన కోపం వస్తే చేయి చేసుకుంటారు. ప్రార్థన చేసుకుంటూ మౌనంగా ఉంటే మారతారా? పేరు వేయవద్దు.

జవాబు: అమ్మా, దెబ్బలున్న ఇంట్లో ఉన్నది మౌనం కాదు, భయం. సాధుత్వం గురించి రాసిన పేతురే, ఆ వెంటనే భర్తలకు కూడా రాశాడు, భార్యను సన్మానించకపోతే మీ ప్రార్థనలకే ఆటంకం అని. ఆ వచనం మీకెవరూ చెప్పి ఉండరు. ప్రార్థన చేయండి, కానీ ఈ వారమే మీరు నమ్మే ఒక మనిషికి చెప్పండి, ప్రమాదం అనిపిస్తే పిల్లల్ని తీసుకుని ముందు బయటపడండి, పోలీసుల సాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు. దావీదు కూడా సౌలు రాజు ఈటె విసిరితే గోడ పక్కన నిలబడి పాట కొనసాగించలేదు, తప్పించుకుని పారిపోయాడు.

ప్రశ్న: లోకపు పోకడలు అంటకూడదని పిల్లల్ని ఎక్కువగా బయటికి పంపం, ఫోన్ ఇవ్వం. పెద్దబ్బాయికి పన్నెండేళ్లు. "మనం అందరికంటే పరిశుద్ధులమా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

జవాబు: కాదు అని చెప్పండి. వాడి ప్రశ్న బాగుంది, గొడవగా తీసుకోకండి. ఫోన్ ఇవ్వకపోవడం మంచిదే, ఆ విషయంలో తగ్గకండి. అయితే ఎందుకు ఇవ్వడం లేదో చెప్పేటప్పుడు పక్కింటి పిల్లల్ని తక్కువ చేసి మాట్లాడి ఉంటారు, మనమంతా చేస్తాం అది, వాడు పట్టేశాడు. యేసు తన వాళ్ల కోసం ప్రార్థించినప్పుడు లోకంలోనుంచి తీసుకుపొమ్మని అడగడం లేదు, దుష్టుని నుంచి కాపాడమని అడుగుతున్నాను అన్నాడు. యిర్మీయా 29లో బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు, అంతా పరాయి సంస్కృతి మధ్య ఉన్నవాళ్లకు, ఏం చెప్పాడో చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల్ని కనండి అన్నాడు, ఇంతవరకు మనకు బాగా నచ్చుతుంది. దాని తర్వాత ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అన్నాడు. తోట చుట్టూ ఎత్తుగా గోడ కట్టమని లేదు.

సాయంత్రం ప్రార్థనలో పక్కింటివాళ్ల పేర్లు పెట్టి వాళ్ల క్షేమం కోసం అడగండి, వాడితోనే అడిగించండి. ఈ ఆదివారం వాడి స్నేహితుల్లో మీకు అంతగా నచ్చనివాణ్ణి ఒకణ్ణి ఇంటికి భోజనానికి పిలవమనండి, వచ్చినవాడికి వాక్యం చెప్పకండి, కడుపునిండా పెట్టండి.