చెడ్డ కబురు నీదాకా ఎన్నాళ్లకు వస్తుందో చూడు

ఒంగోలు

అమ్మా,

కృష్ణపట్నం దగ్గర కోల్డ్ స్టోరేజీ కట్టే పనికి నువ్వు ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేరావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మా నేనూ ఎంత సంతోషపడ్డామో! షెడ్యూలు ఎలా వేయాలి, రిస్కులు ఎలా రాసుకోవాలి అని అడిగావట. ఆ సాఫ్ట్‌వేర్లు నాకంటే నీకే బాగా తెలుసు. ముప్పై నాలుగేళ్లు సైట్ల మీద తిరిగినవాడిగా నేను చెప్పేది వేరే ఉంది. చెడ్డ కబురు తెచ్చినవాడికి ఆ కంపెనీలో ఏం జరుగుతోందో ముందు చూడు. నీ ప్రాజెక్టు ఎలా నడవబోతోందో సగం అక్కడే తెలిసిపోతుంది.

మీ నాన్న రొయ్యల గుంటలు చేసిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ముందురోజు మబ్బు పడితే మరీను. రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి తిరుగుతుంటే కాపలా కుర్రాడు చూసి లేపాలి. ఎన్నిసార్లు లేపినా మీ నాన్న ఒక్క మాట అనేవాడు కాదు. వెళ్లి చూసి, ఏమీ లేదని తేలినా, "మళ్లీ అనుమానం వస్తే లేపరా" అని చెప్పి పడుకునేవాడు. పక్క గుంట ఆయన మాత్రం, ఊరికే నిద్ర చెడగొట్టావని కుర్రాణ్ని తిట్టాడు. తర్వాత ఒక రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. ఆ కుర్రాడు జనరేటర్‌తో ఒక్కడే తంటాలు పడ్డాడు గాని ఆయన్ని లేపలేదు. తెల్లారేసరికి గుంట మొత్తం పోయింది. ఇద్దరిదీ ఒకే సీడు (రొయ్య పిల్లలు), ఒకే మేత, ఒకే రకం జనరేటరు.

నా విషయమూ చెప్పాలి. పెన్న ఒడ్డున ఒక పంపుహౌసు పనికి నేను సైట్ ఇన్‌చార్జిని. పని పూర్తయ్యే తేదీ వెనక్కి జరగకూడదని పైనుంచి రోజూ ఒత్తిడి. ఒక మీటింగులో సూపర్‌వైజర్ కుర్రాడు లేచి, స్టీలు కట్టడం వారం ఆలస్యమవుతుందన్నాడు. సాకులు చెప్పడానికా జీతం ఇస్తోందని అందరి ముందూ అరిచాను. ఆ తర్వాత మూడు నెలలు ఏ మీటింగులోనూ ఒక్క సమస్యా రాలేదు. పని బాగా నడుస్తోందనుకున్నాను. పునాది గుంత చుట్టూ నీళ్లు రాకుండా వేసిన మట్టికట్ట, అదే రింగ్‌బండు, అడుగున నీళ్లు ఊరుతున్నాయని మేస్త్రీకి నాలుగు రోజుల ముందే తెలుసు. ఇసుక కూడా కొట్టుకొస్తోందని స్టోర్ కీపర్‌కు తెలుసు. నాకే తెలియదు. ఒక రాత్రి బండు తెగి, మోటార్లు, కట్టిన స్టీలు అన్నీ బురదలో కలిశాయి. ఆ టైములో గుంతలో మనుషులెవరూ లేరు, దేవుడి దయ. ఎందుకు చెప్పలేదయ్యా అని మేస్త్రీని అడిగితే, "ఆ అబ్బాయిని మీరు ఏమన్నారో విన్నాం గదా సార్" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట మర్చిపోలేదు.

అందుకే, ఎవరికైనా తేదీ చెప్పే ముందు ఆ కంపెనీ పాత ప్రాజెక్టు ఫైలు ఒకటి అడిగి తీసుకో. మొదటి ఆలస్యం సైట్లో ఎప్పుడు తెలిసింది, హెడ్డాఫీసుకు ఎప్పుడు చేరింది, మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టు. ఒకటి రెండు రోజులైతే నువ్వు అదృష్టవంతురాలివి. ఇరవై రోజులైతే పనిని వారం వారం కళ్లతో చూసి కొలవగలిగిన ముక్కలుగా విడగొట్టుకో, నువ్వే వెళ్లి చూడు. అలాంటి చోట కాగితం మీద వచ్చే "ఓకే"ను నమ్మకు.

కొన్ని ఆఫీసుల్లో ఎవరెంత టైము అడిగినా పైవాళ్లు సగానికి కోస్తారు. దాంతో కిందివాళ్లు పది రోజుల పనికి ఇరవై అడగడం నేర్చుకుంటారు. చివరికి ఏ అంకె నిజమో ఎవరికీ తెలియదు. నువ్వు కోయకు. ఎందుకంత పడుతుందో కూర్చుని విను.

రిస్కుల పట్టికలో "తుపాను" అని ఒక్క మాట రాసి వదిలేస్తే అది ఎవరి పనీ కాదు. మన నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. కాబట్టి సెప్టెంబరు ఆఖరుకు ఫ్లోరు కింద ఫిల్లింగు పూర్తి కాకపోతే ఏం చేస్తాం, చలి బయటికి పోకుండా గోడలకు వేసే పఫ్ ప్యానెళ్లలో ఇంకా బిగించనివాటిని గాలికి లేవకుండా ఎవరు కట్టిస్తారు, జనరేటరుకు డీజిలు ఎన్ని రోజులకు నిల్వ ఉంచాలి అని మనిషి పేరుతో సహా రాయి. బీహారు కూలీలుంటే ఛఠ్ పూజకు ఊరెళ్తారు, అదీ ఈ వానల రోజుల్లోనే వస్తుంది. లేబర్ కాంట్రాక్టరు బిల్లు మాత్రం ఆపనివ్వకు. డబ్బు ఆగితే అతను గొడవపడడు, మనుషుల్ని చప్పుడు లేకుండా ఇంకో సైటుకు మార్చేస్తాడు.

రాకెట్లు వదిలే శ్రీహరికోట అప్పుడు మన నెల్లూరు జిల్లాలోదే. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడితే ఇస్రో ఛైర్మన్ ధావన్ గారు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారని, 1980 జులై 18న గెలిచినప్పుడు ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారిని మాట్లాడమన్నారని అందరూ చెప్తారు. దానికి ముందు జరిగింది కూడా తెలుసుకో. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆపమందని, నిపుణులు ఫర్వాలేదంటే తానే ముందుకెళ్లానని కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. అంతటివాడు తన నిర్ణయం తప్పని అలా బయటికి చెప్పగలిగాడంటే, నేను అందులో ధావన్ గారి పెంపకమే చూస్తాను. పెద్దవాడు నింద మోస్తే కిందివాడు నిజం దాచాల్సిన అవసరం ఉండదు.

మీటింగులో "అంతా బాగుందా" అని అడగకు. "ఈ వారం ఏది ఆగేలా ఉంది" అని అడుగు. నీ అభిప్రాయం చివర్లో చెప్పు, ముందే చెప్తే అందరూ అదే అంటారు. మొదటిసారి ఎవరైనా చెడ్డ కబురు తెచ్చినప్పుడు సైటంతా నీ మొహం వైపే చూస్తుంది. ఆ రోజు ఎంత టెన్షన్ ఉన్నా, మంచి పని చేశావని అందరి ముందూ చెప్పు. వాళ్లు అడిగిన సాయంలో ఒక్కటైనా సాయంత్రంలోగా చేసి చూపించు.

పైవాళ్లకు నువ్వు చెప్పాల్సివచ్చినప్పుడు ఉత్త సమస్యతో వెళ్లకు. రెండు దారులు, ఒక్కోదానికి ఎన్ని రోజులు, ఎంత డబ్బు అన్నది రాసుకుని వెళ్లు. ఓనరే అన్నీ చూసుకునే కంపెనీలో నిర్ణయం గంటలో వస్తుంది, కాని ఆయన కోపానికి భయపడి మధ్యవాళ్లు కబురు మింగేస్తారు. అక్కడ ఆయనతోనే నేరుగా మాట్లాడే వీలు మొదట్లోనే అడిగి పెట్టుకో. మనుషుల ప్రాణాల సంగతైతే ఎవరి అనుమతికీ ఆగొద్దు తల్లీ, పని ఆపించి ఆ తర్వాత ఫోన్ చెయ్యి.

ఆ పాత ఫైల్లో ఎన్ని రోజుల తేడా తేలిందో ఆదివారం ఫోన్లో చెప్పు. దాన్నిబట్టి నీ షెడ్యూలు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాయన