ఇంజిన్ ఒకటే, వేగాలు వేరెందుకు?

ప్రశ్న: ఫార్ములా వన్ విమాన పందేల్లో అన్నిటికీ కాంటినెంటల్ ఓ-200 ఇంజినే కదా, వేగాల్లో తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మొదటి అనుమానం ప్రొపెల్లర్ మీదే పెట్టుకోవాలి. ఈ పందేల్లో గాల్లో పిచ్ (రెక్కల వంపు కోణం) మార్చే ప్రొపెల్లర్ వాడనివ్వరు. పిచ్ ఎక్కువైతే ఇంజిన్ మీద భారం పడి నిమిషానికి తిరిగే చుట్లు, అంటే ఆర్‌పీఎం తగ్గుతుంది. తక్కువైతే ఇంజిన్ రొద పెడుతుందే గానీ విమానం సాగదు. ఓ-200 ఇచ్చే 100 హార్స్‌పవర్ లెక్క 2,750 ఆర్‌పీఎం దగ్గరిది. పందెంలో 4,000 దాకా తిప్పుతారు. అప్పుడు 1.5 మీటర్ల ప్రొపెల్లర్ కొస సెకనుకు 314 మీటర్లు తిరుగుతుంది. దానికి విమానం వేగం తోడైతే ధ్వని వేగం అంచుకు చేరి, కొసల మీద గాలి నిరోధం బాగా పెరిగి శక్తి వృథా అవుతుంది. పొట్టి ప్రొపెల్లర్, పలుచని కొసలు అందుకే.

ఇక ఇంజిన్. వేడి మీదుండగానే ఒక్కో సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 80 పౌండ్ల) ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుస్తుందో చూడాలి. ఆ సమయంలో ప్రొపెల్లర్‌ను గట్టిగా పట్టుకోండి, గిర్రున తిరిగి కొడుతుంది! బుస ఎగ్జాస్ట్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే పిస్టన్ రింగులు లీకవుతున్నట్టు. ఇలా లీకై శక్తి 10 శాతం తగ్గితే గంటకు 400 కిలోమీటర్ల విమానం సుమారు 14 కిలోమీటర్లు కోల్పోతుంది. మన విశాఖ ఉప్పుగాలిలో నెలల తరబడి కదలకుండా ఉంచిన ఇంజిన్‌కైతే సిలిండర్ గోడల తుప్పు కూడా చూడాల్సిందే.