బూజు పట్టిన వేరుశనగ గింజలను వేయించి తినవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వానకు తడిసిన మూటలో కొన్ని వేరుశనగ గింజలకు పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు పట్టింది. వాటిని ఏరేసి, మిగిలినవి ఎండబెట్టి వేయించి చట్నీకి వాడుకోవచ్చా? మా నాన్నగారికి హెపటైటిస్-బి ఉంది.

జవాబు: వాడకండి. వేయిస్తే బూజు చస్తుంది గానీ, అప్పటికే అది గింజలోకి వదిలిన విషం మిగిలే ఉంటుంది. మీరు చెప్పిన రంగును బట్టి అది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం కావచ్చు. అది తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం దాని ఎదుగుదలకు తప్పనిసరి కాదు. అయినా ఆ ఒక్క పదార్థం కోసం పాతికకు పైగా జన్యువులు దాని క్రోమోజోమ్‌పై ఒకేచోట గుంపుగా ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ఎంజైముల్లో పాలీకీటైడ్ సింథేజ్ రెండేసి కార్బన్ల ముక్కలను అతికించి గొలుసుగా పేరుస్తుంది. తరువాతివి దాన్ని వలయాలుగా మలచి, ఆక్సిజన్‌ను, మిథైల్ సమూహాలను చేరుస్తూ, స్టెరిగ్మాటోసిస్టిన్ అనే మరో విషం మీదుగా అఫ్లాటాక్సిన్ బి1 వరకు తీసుకువస్తాయి. ఎంజైములు ప్రోటీన్లు కాబట్టి మూకుడు వేడికి పాడవుతాయి. అఫ్లాటాక్సిన్ మాత్రం వేడికి తట్టుకునే చిన్న అణువు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గానీ పూర్తిగా పోదు. పైగా అది కంటికి కనిపించదు, కాబట్టి ఏరిన తరువాత శుభ్రంగా కనిపించే గింజలను కూడా నమ్మలేము.

విచిత్రమేమిటంటే, బూజు మొదలుపెట్టిన పనిని మన కాలేయమే పూర్తిచేస్తుంది. అక్కడి సైటోక్రోమ్ పి450 ఎంజైములు ఈ విషాన్ని వదిలించుకునే ప్రయత్నంలో దాన్ని ఎపాక్సైడ్ అనే, ఇతర అణువులకు తేలిగ్గా అతుక్కునే రూపంగా మారుస్తాయి. అది కాలేయ కణాల డీఎన్‌ఏకు అతుక్కుని, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువును దెబ్బతీయగలదు. హెపటైటిస్-బి ఉన్నవారిలో ఆ వైరస్, ఈ విషం కలిసి కాలేయ క్యాన్సర్ ప్రమాదాన్ని కూడికగా కాక దాదాపు గుణకారంగా పెంచుతాయి. అందుకే మీ నాన్నగారి విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను. మోతాదు ఎక్కువైతే విషప్రభావం వెంటనే కూడా కనిపిస్తుంది: 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారిలో కామెర్లు వచ్చి వంద మందికి పైగా మరణించారు.

ఇప్పటికే ఒకటి రెండుసార్లు తిని ఉంటే కంగారు పడనక్కరలేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు, పొట్ట ఉబ్బరం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నాన్నగారికి ఆరు నెలలకొకసారి కాలేయ అల్ట్రాసౌండ్ అవసరమా అన్నది ఆయనను చూస్తున్న వైద్యుడిని అడగండి. ఆ మూటను గేదెలకూ వేయవద్దు, ఎందుకంటే ఈ విషం అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని గుంతలో పూడ్చేయండి. గానుగకూ పంపవద్దు, శుద్ధి చేయని నూనెలో విషం కొంత మిగిలిపోవచ్చు. ఇకపై కాయలను గలగలమనేలా ఎండబెట్టి, ఒలవకుండానే, నేలకు తగలకుండా బల్లపై నిల్వ చేసుకోండి.